పెరుగు డబ్బాలో పచ్చి మాంసం

ఎడ్మంటన్‌లో కుక్కలకు పచ్చి మాంసం తయారుచేసి అమ్మే ఒక చిన్న దుకాణంలో పదిహేడేళ్లు పనిచేశాను. పోయిన చలికాలం మానేశాను. ఇప్పుడు ఆ దుకాణంలో మన తెలుగు పిల్లలే ముగ్గురు చేరారు. కాలేజీలో చదువుకుంటూ వారానికి కొన్ని గంటలు వచ్చి ప్యాకింగ్ చేస్తున్నారు. వాళ్లలో ఒకమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "ఆంటీ, కస్టమర్లు వచ్చి మా కుక్కకు పచ్చిది పెట్టాలా వద్దా అని నన్ను అడుగుతున్నారు. నాకేం తెలుసని చెప్పాలె?" అంది. ఫోన్‌లో చెప్పేది కాదు, రాసి ఇస్తానన్నాను.

ఏ ఫ్రీజర్‌లో ఏ పెట్టె ఉంటుందో, మిషన్ ఎలా కడగాలో మీకు ఓనరు మార్గరెట్ చెబుతుంది. ఆవిడ చెప్పనివి రాస్తున్నాను. నాకు రాయడం యాభై దాటాక వచ్చింది. నిదానంగా రాస్తాను, మీరూ నిదానంగా చదవండి.

కత్తి ముందు వచ్చింది

మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. మా నాయనకు మాంసం కొట్టు ఉండేది. అన్నలను బడికి పంపాడు, నన్ను కొట్లో కూర్చోబెట్టుకున్నాడు. పదేళ్లకే నాకు గుండెకాయ మీది కొవ్వు పొర చిరగకుండా తీయడం వచ్చు. అక్షరం ఒక్కటీ రాదు.

నా పెనిమిటి రాజన్న దుబాయిలో మాంసం కోసే పని చేసి, అక్కడినుంచి అల్బర్టాలో ఒక పెద్ద ప్లాంటుకు వచ్చాడు. కొన్నేళ్లకు నన్నూ తెచ్చుకున్నాడు. ప్లాంటులో మనిషికి ఒకటే కోత. పొద్దుననుంచి సాయంత్రం దాకా అదే ముక్క, అదే గాటు. ఎనిమిదేళ్లు అలా చేసేసరికి ఆయన కుడి భుజం పైకి లేవకుండా పోయింది. నేనూ అక్కడే చేరతానంటే, "నా భుజం ఒక్కటి చాలదా?" అన్నాడు. ఎవరినో అడిగి మార్గరెట్ దుకాణం చూపించాడు.

మార్గరెట్ నన్ను ఏమీ అడగలేదు. చేతికి ఒక కత్తి, ముందు ఒక ఆవు గుండె పెట్టింది. నేను కోస్తుంటే చేతులు కట్టుకుని చూసి, రేపటినుంచి రమ్మని సైగ చేసింది. ఇంతకంటే మంచి ఇంటర్వ్యూ నేను వినలేదు.

మొదటి వారమే ఒక పని చేశాను. ఆవు పొట్టలు రెండు బకెట్లు వచ్చాయి. కడగలేదు, లోపల మేసిన గడ్డి పచ్చగా అలాగే ఉంది. మన దగ్గర బోటి అంటే సున్నం పట్టించి, గీకి, పది నీళ్లు పోసి తెల్లగా మల్లెపువ్వులా చేస్తాం. వీళ్లకు శుభ్రం తెలియదనుకుని మధ్యాహ్నమంతా కూర్చుని రెండు బకెట్లూ తెల్లగా చేసి పెట్టాను. మార్గరెట్ వచ్చి చూసి, అక్కడే స్టూలు మీద కూలబడి నవ్వింది. కుక్కకు కావలసింది ఆ పచ్చదనమూ ఆ కంపూనేనట. కస్టమర్లు వచ్చేదే దానికోసమట. ఆ రోజు ఆవిడ చెప్పిన మాట నాకు అప్పటికి వచ్చిన కొద్ది ఇంగ్లీషులోనే అర్థమైంది. తినేది కుక్క కదా, కుక్కను అడుగు అంది.

అది సగం పాఠం. మిగతా సగం ఆవిడకూ తెలియదు. నాకు తెలిసేసరికి ఆలస్యమైంది.

ఎవరికి వద్దనాలి

పచ్చి మాంసం పెట్టడం కొందరికి మతం లాంటిది. కొట్లాటకు వచ్చినట్టు వస్తారు. వెట్ డాక్టర్లు కొందరు దాని పేరెత్తితేనే మండిపడతారు. నా మాట అడిగితే, ఇద్దరి దగ్గరా సగం సగం నిజం ఉంది. పచ్చిది పడి ఒళ్లు నిగనిగలాడిన కుక్కలను చూశాను. పచ్చిది పడక కడుపు చెడి, వండిన అన్నం, కోడి ముక్కలతో తేరుకున్నవాటినీ చూశాను. రెండింటికీ ఒకే మందు లేదు.

మొదలుపెడితే ఒకే రకం మాంసంతో మొదలుపెట్టమని చెప్పండి. కొన్ని రోజులు చూడమనండి. మలం సుద్దముక్కలా తెల్లబడితే ఎముక ఎక్కువైంది. నల్లగా జారితే కార్జం ఎక్కువైంది. ఖీమా ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింది అరలో పెట్టి కరగనివ్వాలి. గిన్నె వెంటనే కడగాలి. ఇవి చెప్పడానికి సిగ్గుపడకండి.

కొందరికి వద్దని చెప్పాలి. ఒకసారి హైదరాబాద్ జంట ఒకటి వచ్చింది. సాఫ్ట్‌వేర్ వాళ్లు. హస్కీ కుక్కపిల్లను తెచ్చుకున్నారు. అమ్మాయి చంకలో పది నెలల పాప. మాటల్లో, పాప ఇల్లంతా పాకుతోందనీ, కుక్క గిన్నె దగ్గరికే పోతోందనీ తెలిసింది. పాప నడిచి, చెప్పిన మాట వినేదాకా ఆగమన్నాను. ఆ అబ్బాయి నవ్వి, "ఆంటీ, మీ షాపులో సరుకు మీరే వద్దంటారేంటి?" అన్నాడు. మార్గరెట్ విని, నన్ను పక్కకు పిలిచి ఏం చెప్పావని అడిగింది. చెప్పాను. దుకాణం మూసేముందు, నువ్వు చెప్పింది సరే గాని ఇంకోసారి ఆ మాట నన్ను చెప్పనివ్వు అంది. మంచి మనిషి. ఓనరు తనే అని మరచిపోనివ్వదు, అంతే.

ఆవిడలో నాకు నచ్చనిది ఒకటుండేది. కాగితాన్ని నమ్మేది. చెప్పాల్సిందంతా ప్యాకెట్ మీద అంటించిన కాగితంలో ఉంది కదా, చదువుకుంటారులే అనేది. నాకు చదువు రాదని ఆవిడకు తెలుసు. అందుకే రంగులు పెట్టింది. ఆవు మాంసానికి నీలం కాగితం, కోడి ఖీమాకు పసుపు, ఎముక ఉన్నదానికి ఎర్రది. రంగు చూసి అంటించేదాన్ని. రాసి ఉన్నదేమిటో నాలుగేళ్లయినా నాకు తెలియదు. సరుకు పేరూ బరువూ అనుకునేదాన్ని.

చదువు రాదు కనుక నేను అందరికీ నోటితో చెప్పేదాన్ని. మన తెలుగువాళ్లు వస్తే ఇంకా ఓపికగా చెప్పేదాన్ని. కాగితం కంటే నా నోరే నయమని లోపల గర్వంగా ఉండేది.

పండు

ఆ నాలుగో ఏడే సోమయాజులు సార్, కామేశ్వరమ్మ గారు వచ్చారు. సార్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చెప్పి రిటైరయ్యారు. ఆవిడ పెళ్లికి ముందు, తరువాత కొన్నాళ్లూ కాకినాడలో టీచరు. ఇద్దరూ డెబ్బైకి అటూ ఇటూ. వాళ్ల ఇంట్లోకి గుడ్డు కూడా రాదు. కుక్క పేరు పండు. పసుపు రంగు లాబ్రడార్. ఒకటే దురద, పొట్ట కింద ఎర్రగా పుండ్లు పడేదాకా గోక్కునేది. మందులతో తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. సార్ నెలరోజులు పుస్తకాలు చదివి, పచ్చి మాంసం పెట్టి చూద్దామని తేల్చుకుని వచ్చారు.

నేను తెలుగులో పలకరించేసరికి కామేశ్వరమ్మ గారి మొహం విప్పారింది. సార్ అడుగుతున్నారు, నేను చెబుతున్నాను. ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ముందుకు వంగుతున్నారు. ఆవిడ నా మోచెయ్యి తాకి, "గట్టిగా చెప్పమ్మా, ఆయనకు వినపడదు" అంది. గట్టిగా చెప్పాను. చివర కార్డు తీయబోతే ఆయన చేతులు వణికి పర్సులోంచి రాలేదు. ఆవిడే తీసింది.

ఆ వణుకు నేను చూశాను. ఆ చేతులతో ఖీమా ఎవరు తీసి గిన్నెలో వేస్తారని ఆలోచించలేదు.

రెండోసారి ఆవిడ ఒక్కతే వచ్చింది. చేతిలో ఖాళీ పెరుగు డబ్బాలు, పెద్దవి, మూతలున్నవి. మన ఇళ్లలో ఎవరూ పారేయరు కదా. వాటిలో పప్పులు పోసుకుంటాం, సాంబారు ఇచ్చి పంపుతాం. ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"యాదమ్మా, గరాజ్‌లో వాడికోసం చిన్న ఫ్రిజ్ పెట్టాం. అయినా ఆ ప్యాకెట్టు, దాని మీద కోడి బొమ్మ చూస్తే నాకు కడుపులో తిప్పుతోంది. దీంట్లో పెట్టి ఇస్తావా?"

"దానికేముందమ్మా, ఇయ్యున్రి."

"వాసనొకటి. పొద్దున్నే ఆ వాసన..."

"మీదికెళ్లి రెండు గరిటెలు వేడి నీళ్లు పోయున్రి. వాసన చచ్చిపోతది. చల్లగ కూడా ఉండది, మంచిగ తింటడు."

ఆ మాటలో తప్పు లేదు, ఖీమాకు. అప్పటికి వాళ్లు కొంటున్నది ఖీమాయే. ప్యాకెట్ విప్పి డబ్బాలో వేశాను. పసుపు కాగితం అట్టతో సహా చెత్తబుట్టలో పడేశాను. అప్పటినుంచి ప్రతి రెండు వారాలకూ అంతే. దుకాణంలో అందరూ వాటిని పెరుగు డబ్బాలనే అనేవాళ్లు.

మూడు నెలల్లో పండు దురద పోయింది. పొట్ట కింద బొచ్చు మొలిచింది. ఒకరోజు సార్ వాడిని దుకాణానికే తీసుకొచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి నాకు పొట్ట చూపించారు. ఆయన నవ్వు ఇప్పటికీ కళ్లముందుంది. రోజూ నది ఒడ్డున పార్కులో ఇద్దరూ నడిచేవాళ్లు. చేతులు వణికినా పండు తాడు పట్టుకుంటే స్థిరంగా ఉంటాయని ఆవిడ చెప్పేది.

తరువాతి ఏడు, పండు పళ్లకు గార పట్టిందని సార్ అంటే మార్గరెట్ కోడి మెడలు ఇమ్మంది. పచ్చి మెడ మెత్తగా నలుగుతుంది, పళ్లూ శుభ్రపడతాయి. నేను మెడల ప్యాకెట్ విప్పి, ఎర్ర కాగితం ఉన్న అట్ట పారేసి, మెడలు పెరుగు డబ్బాలో సర్ది ఇచ్చాను. రోజుకొకటి పెట్టమని చెప్పాను. ఇంకేమీ చెప్పలేదు. చెప్పడానికి నాకు తెలియదు. మా ఊళ్లో కుక్కలు మనం తిని పారేసిన ఎముకలే తిని బతికేవి. వండిన ఎముక గాజుముక్కలా పగులుతుందని, కడుపులో దిగుతుందని నాకెవరూ చెప్పలేదు. మార్గరెట్ కాగితం మీద రాసింది కనుక చెప్పలేదు.

నాలుగు వారాల తరువాత సారూ ఆవిడా వచ్చారు. కుక్క లేదు, డబ్బాలు లేవు. సార్ కౌంటరు అంచు పట్టుకుని నిలబడ్డారు.

"పండు పోయాడమ్మా. కడుపులో ఎముక ముక్కలు గుచ్చుకున్నాయట. ఆపరేషన్ చేశారు గానీ దక్కలేదు. పార్కులో ఎవరో మాంసం కాల్చుకుని పడేసి వెళ్లుంటారు. నేను బెంచీ మీద కూర్చున్నాను. ఐదు నిమిషాలే. వాడు పొదల్లోకి వెళ్లాడు, నేను లేవలేదు."

నేను, మీ తప్పు ఏముంది సార్, నోరులేని జీవాన్ని ఎంతకని కనిపెట్టుకుంటారు అన్నాను. ఆయనకు వినపడలేదు. కామేశ్వరమ్మ గారు ఫ్రీజర్ అద్దం వైపు చూస్తూ, "గట్టిగా చెప్పమ్మా" అంది. నేను దుకాణమంతా వినపడేలా, మీ తప్పు లేదు సార్ అని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

ఆ తరువాత ఆయన నడక మానేశారు. చేతుల వణుకు ఒంటికంతా పాకింది. రెండో చలికాలంలో పోయారు.

మంగళవారాలు

సార్ పోయాక వచ్చిన ఎండాకాలంలో ఆవిడ దుకాణానికి వచ్చింది. అప్పుడు నేను నా హెల్త్ కార్డు కాగితం ఒకటి ప్యాకింగ్‌లో పనిచేసే పిల్ల చేత చదివించుకుంటున్నాను. ఆవిడ విని, బయట కారు దగ్గర నాకోసం ఆగింది. "ఇన్నాళ్లూ చెప్పలేదేం? మంగళవారం నీకు సెలవు కదూ. మా ఇంటికి రా. పుస్తకాలు నేను తెస్తాలే" అంది.

అలా మొదలైంది. ముందు తెలుగే నేర్పింది. తెలిసిన మాట కాగితం మీద కనపడితే మనసుకు ధైర్యం వస్తుందని, ఆ ధైర్యంతో ఇంగ్లీషులోకి వెళ్లొచ్చని అనేది. వంటింటి బల్ల దగ్గర కూర్చునేవాళ్లం. నా చేతులు కత్తికి అలవాటై పెన్సిలును గట్టిగా నొక్కేవి, మొన విరిగిపోయేది. "అది కోడి కాదే, కాస్త మెల్లిగా" అనేది. నేను నవ్వేదాన్ని. ఆవిడ తక్కువ నవ్వేది. మేమిద్దరమూ సార్ గురించి మాట్లాడేవాళ్లం, పండు గురించి ఎప్పుడూ కాదు. బాధ కదా, అందుకే అనుకున్నాను.

రెండేళ్లకు తెలుగు గడగడా వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునే దాకా వచ్చాను.

ఒకరోజు పని మధ్యలో మెడల ప్యాకెట్లకు కాగితాలు అంటిస్తున్నాను. అలవాటు చొప్పున ఎర్రవి తీశాను. చేతిలోని కాగితం మీద పెద్ద అక్షరాలు మాటలుగా కూడుకున్నాయి. ఒక్కొక్కటే పలికాను. వండకండి. వండిన ఎముకలు కుక్క ప్రాణం తీస్తాయి.

మళ్లీ చదివాను, తప్పు చదివానేమోనని. పక్కనున్న పిల్లను పిలిచి చదవమన్నాను. తను గబగబా అదే చదివి, ఏమైంది ఆంటీ అని అడిగింది. ఎన్ని వేలు అంటించానో ఆ కాగితాలు. ఎవరి ఇంటికి వెళ్లేవాటివి మాత్రం తీసి చెత్తలో పడేశానో అప్పుడు గుర్తొచ్చింది. రెండు గరిటెల వేడి నీళ్లు గుర్తొచ్చాయి.

చెప్పకుండా ఉండొచ్చు. ఆలోచించాను, అబద్ధమెందుకు. ఆవిడ ఒంటరిది. ఆవిడకు నేను, నాకు ఆవిడ. పార్కులో తిన్నాడనే మాట అందరూ నమ్మారు, సార్ కూడా నమ్మి పోయారు. ఇప్పుడు తవ్వితే ఎవరికి మేలు? ఆ వారమంతా కాగితం నా చొక్కా జేబులోనే ఉంది. చివరకు, ఎవరు నేర్పిన అక్షరాలతో అది చదివానో ఆమె దగ్గరే దాన్ని దాచిపెట్టడం నావల్ల కాలేదు.

మంగళవారం ఎర్ర కాగితం తీసి బల్ల మీద, నోటుబుక్కు పక్కన పెట్టాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. ఒకసారి చదివితే సరిపోయే మనిషి, చాలాసేపు చదివింది.

"ఇది డబ్బా మీద ఉండేదా?"

"డబ్బా మీద కాదమ్మా. ప్యాకెట్ మీద. మీకని విప్పి నేనే పారేసిన. అందులో ఏముందో నాకు తెల్వదు."

ఆవిడ కాగితం అంచును గోటితో గీకుతూ కూర్చుంది. అప్పుడు చెప్పింది. ఖీమా మీద నీళ్లు పోసినట్టే మెడల మీదా పోసిందట. నీళ్లు పోస్తే సరిపోలేదనిపించి, గరాజ్‌లో పాత గిన్నెలో, కరెంటు పొయ్యి మీద, చిటికెడు పసుపు వేసి పది నిమిషాలు ఉడికించేదట. పసుపు వేస్తే దోషం పోతుందని చెయ్యి ఆగలేదట. ఆపరేషన్ తరువాత డాక్టర్ ట్రేలో ముక్కలు చూపించాడు. అవి పసుపు రంగులో ఉన్నాయి.

"నాకు ఆ క్షణంలోనే తెలిసింది యాదమ్మా. ఆయన పక్కనే ఉన్నారు. పార్కులో తిన్నాడు, నేను కూర్చుండిపోయాను అంటున్నారు. నేను నోరు తెరవలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే రెండు చలికాలాలు గడిచిపోయాయి. నువ్వు చదువు రాక పారేశావు. నేను అన్నీ తెలిసి ఊరుకున్నాను."

ఆ రోజు పాఠం జరగలేదు. నేను వచ్చేస్తుంటే తలుపు దాకా రాలేదు.

అడగాల్సింది

ఇప్పుడు దుకాణంలో డబ్బాలో సరుకు ఎవరు అడిగినా, మూత మీద కాగితం అంటించి ఇస్తారు. అది నేను పెట్టించిన పద్ధతి. మార్గరెట్‌కు మొత్తం చెప్పాను. ఆవిడ ముఖం తెల్లబోయింది. అప్పటినుంచి ఎముక కొన్న ప్రతివాళ్లకూ తనే నోటితో చెబుతుంది.

మీరు కౌంటరు దగ్గర నిలబడినప్పుడు, కుక్క వయసెంత, బరువెంత అని అడగండి. దానికంటే ముందు, ఇంట్లో ఆ గిన్నె ఎవరి చేతిమీదుగా వెళుతుందో అడగండి. మాంసం కొనేది ఒకరు, ముట్టుకునేది ఇంకొకరు అయితే, ఆ ముట్టుకునే మనిషితో మాట్లాడండి. ఆ మనిషికి వెగటు ఉంటే, ఆ వెగటుకు వాళ్లేం చేస్తారో అడిగి తెలుసుకోండి. మనవాళ్లయితే ఇంకా గుచ్చి అడగండి. మనవాళ్లని చనువుగా వదిలేయకండి. నేను అలాగే వదిలేశాను.

ఆ తరువాతి మంగళవారం వెళ్లాలా వద్దా అని చాలాసేపు బస్సు స్టాపులో నిలబడ్డాను. వెళ్లాను. కామేశ్వరమ్మ గారు నన్ను వంటింట్లోకి కాక గరాజ్‌లోకి తీసుకెళ్లింది. మూల చిన్న ఫ్రిజ్, కరెంటు తీసేసి, తలుపు కొంచెం తెరిచి ఉంది. దాని తలుపు మీద ఎర్ర కాగితం, ఎక్కడా ముడత లేకుండా అంటించి ఉంది. పక్క గోడకు పండు తాడు, దాని కింద సార్ నడక బూట్లు.

"చదువు" అంది.

చదివాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు.

ఆవిడ నా మోచెయ్యి తాకింది. "గట్టిగా చదువమ్మా. ఆయనకు వినపడదు."